స్టీరింగ్ తిప్పితే వచ్చే చప్పుడు ఎక్కడిది?

కారు స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు వైపు నుంచి ఏదైనా కొత్త చప్పుడు వినిపిస్తే, చాలామంది మొదట చెప్పేది అది ఎలా ఉందన్నదే. టకటకమంటోందని, కిర్రుమంటోందని, గుర్రుమంటోందని అంటారు. ఆ వర్ణన అవసరమే గానీ దానితోనే లోపం తేలదు. చక్రాల నుంచి స్టీరింగ్ దాకా ఉన్న లోహపు భాగాలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కాబట్టి, కుడి చక్రం దగ్గర పుట్టిన కంపనం డ్రైవరు పాదాల కింద పుట్టినట్టు వినిపించవచ్చు. అందువల్ల చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందన్న దానికన్నా, అది దేనిని అనుసరించి మారుతోందన్న ప్రశ్న ఎక్కువ నమ్మదగినది. ఇంజను వేగంతో పాటు మారుతోందా, చక్రం తిరిగే వేగంతోనా, లేక స్టీరింగ్ తిప్పే చేతి కదలికతోనా? దీన్ని తేల్చడానికి వాహనాల రద్దీ లేని ఒక ఖాళీ స్థలం, ఒక్కోసారి ఒక్క పరిస్థితిని మాత్రమే మార్చి చూసే ఓపిక చాలు.

మొదటి పరీక్ష నిలిచి ఉన్న కారులోనే చేయవచ్చు. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగా స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి నెమ్మదిగా తిప్పాలి. ఇంజను వేగం పెంచినకొద్దీ మూలుగు పైస్థాయికి పోతుంటే, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కారులో అనుమానం పంపు మీదికి వెళ్తుంది. బెల్టు సాయంతో ఇంజనే తిప్పే ఈ పంపు, ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ ర్యాక్‌లోకి, అంటే స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి చక్రాలను మళ్లించే పళ్ల కడ్డీ ఉన్న భాగంలోకి, పంపుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిరిగాక ర్యాక్ ఇక కదలలేదు కాబట్టి, ఒత్తిడిని వదిలే వాల్వు తెరుచుకునేదాకా అది పెరుగుతూనే పోతుంది. టైరులోని గాలి పీడనం సాధారణంగా 2 బార్లకు కొంచెం ఎక్కువ ఉంటే, ఇక్కడ అది పదుల బార్లకు చేరుతుంది. ఆ చివరి స్థితిలో కాస్త బుసబుస వినిపించడం సహజమే. అయితే ఆయిల్ వేడెక్కుతుంది కాబట్టి స్టీరింగ్‌ను అక్కడే బిగబట్టి ఉంచకూడదు. చివరిదాకా తిప్పకముందే గుర్రుమంటుంటే పవర్ స్టీరింగ్ ఆయిల్ ట్యాంకు మూత తీసి చూడాలి. మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ లాగుతుంది, ఆ గాలి బుడగలు ఒత్తిడికి నలగడంతో మూలుగు పుడుతుంది. ట్యాంకులో నురగ కనిపించడం దీనికి గట్టి ఆధారం. ఇక్కడ ఆయిల్ పోసి ఊరుకోవడం మరమ్మతు కాదు. అది మూసి ఉన్న వలయంలో తిరిగే ఆయిల్. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. పైపుల అతుకులు, ర్యాక్ చివర ఉండే రబ్బరు తొడుగులు చూడకుండా వదలకూడదు. మూలుగు కాక చెవులు చిల్లులు పడేలా కీచుమంటే, ఎక్కువ బరువు పడిన క్షణంలో బెల్టు జారుతోందని అనుకోవచ్చు.

ఇప్పుడు ఇంజను ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, అటూ ఇటూ కొద్దిగా కదిపి చూడాలి. స్టీరింగ్ బరువుగా ఉంటుంది గానీ, పంపూ బెల్టూ ఆగి ఉంటాయి కాబట్టి ఇప్పటికీ టక్కుమంటే లోపం జాయింట్లలోనో, స్టీరింగ్ షాఫ్ట్‌లోనో, ర్యాక్‌లోనో ఉన్నట్టే. దిశ మార్చిన ప్రతిసారీ ఒక్క దెబ్బ మాత్రమే వినిపిస్తే, అరిగిన జాయింట్‌లోని ఖాళీ ఒక వైపు నుంచి మరో వైపుకు కొట్టుకుంటోందన్నమాట.

నిలిచి ఉన్నప్పుడు ఏమీ వినిపించక, కారు కదిలాకే చప్పుడు మొదలైతే కథ వేరు. ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే కార్లలో, ఒకే చక్రం రెండు పనులు చేయాలి. శక్తితో తిరగాలి, అదే సమయంలో పక్కకు మళ్లాలి. రెండు షాఫ్ట్‌లను వంపులోనూ తిరిగేలా కలిపే మామూలు యూనివర్సల్ జాయింట్‌తో ఇది సాఫీగా సాగదు. అది 30 డిగ్రీలు వంగి తిరిగితే, ఇచ్చే వేగం స్థిరంగా ఉన్నా బయటికి వచ్చే వేగం ప్రతి చుట్టులో రెండు సార్లు సుమారు 13 శాతం తగ్గి, 15 శాతం పెరుగుతుంది. ఆ ఊగిసలాట స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920ల చివర్లో రూపొందించిన సీవీ జాయింట్, అంటే వంగినా వేగం మారని జాయింట్, ఈ చిక్కును విడదీసింది. వంపు తిరిగిన గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లు, వాటిని రెండు షాఫ్ట్‌ల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే నిలిపి ఉంచే ఒక పంజరం, ఇంతే దాని నిర్మాణం. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ ఈ జాయింట్‌ను చిన్న కార్లకు అలవాటు చేసింది. మన రోడ్ల మీద అంబాసిడర్, పద్మిని కార్లలో ఇంజను శక్తి వెనక చక్రాలకే అందేది; 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ముందు చక్రాల పద్ధతి ఇంటింటి కారుకూ చేరింది, దానితో పాటు సీవీ జాయింట్ చప్పుడూ చేరింది.

కారు నేరుగా పోతున్నప్పుడు ఈ గుండ్లు గాడుల్లో పెద్దగా కదలవు. మలుపులో మాత్రం ప్రతి చుట్టుకూ ముందుకూ వెనక్కూ జరుగుతాయి. జాయింట్‌ను కప్పి ఉంచే రబ్బరు బూట్ చిరిగితే గ్రీజు బయటికి చిమ్మిపోయి, బురదనీరు, ఇసుక లోపలికి చేరతాయి. అప్పుడు గాడుల్లో గుంటలు పడతాయి, గుండ్లు వాటి అంచులు ఎక్కి దిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. అందుకే ఈ చప్పుడు తీవ్రమైన మలుపులో, అదీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, చక్రం తిరిగే వేగాన్నే అనుసరిస్తూ వస్తుంది. నేరుగా పోతే తగ్గిపోతుంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక వైపు, తర్వాత మరో వైపు గుండ్రంగా నడిపితే ఎటు తిరిగినప్పుడు ఎక్కువగా ఉందో తెలుస్తుంది. రివర్సులోనూ ఒకసారి చూడాలి. ఆ తర్వాత రెండు వైపులా చక్రం లోపలి భాగాన్ని టార్చి వేసి చూస్తే, చిమ్మిన నల్లటి గ్రీజు మరకలు బూట్ చిరిగిన చోటును పట్టిస్తాయి. చప్పుడు రాకముందే చిరుగును గమనిస్తే, శుభ్రం చేసి బూట్, గ్రీజు మార్చడంతో పోతుంది. టకటక మొదలయ్యాక గ్రీజు దట్టించడం వల్ల గుంటలు పూడవు. కారును సర్వీసింగుకు ఇచ్చిన ప్రతిసారీ బూట్లు చూడమని అడగడం ఈ కారణంగానే నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

గేటు దగ్గర మెల్లగా మలుపు తిప్పుతుంటే టంగుమని స్ప్రింగు ఎగిరినట్టు వినిపిస్తే స్ట్రట్ మౌంట్‌ను, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్ట్రట్‌ను పైన కారు బాడీకి బిగించే భాగాన్ని, చూడాలి. నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగం మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌వే. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కూడా చక్రంతో పాటు తిరుగుతాయి, అందుకు వీలుగా పైన ఒక బేరింగ్ ఉంటుంది. అది పట్టేస్తే స్ప్రింగు మెలిపడి, ఒత్తిడి పెరిగాక ఒక్కసారిగా విడుదలవుతుంది. మలుపు అయ్యాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోవడం కూడా ఇదే లోపాన్ని సూచించవచ్చు. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మరొకరు బానెట్ ఎత్తి స్ట్రట్ పైభాగాన్ని చేత్తో తాకితే ఆ ఎగురుడు తెలుస్తుంది. ఇంజను నడుస్తున్నట్లయితే ఫ్యానుకూ బెల్టుకూ దుస్తులు, చేతులు దూరంగా ఉంచాలి.

గ్రీజు ఎండిన నూతి గిలకలా కిర్రుమనే బాల్ జాయింట్‌ను, అంటే చక్రం మళ్లేందుకు వీలుగా దాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు జాయింట్‌ను, మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బెల్టు కీచు వీధంతా వినిపించినా, దానివల్ల ప్రమాదం తక్కువ. బాల్ జాయింట్ గానీ, ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివరి జాయింట్ (టై రాడ్ ఎండ్) గానీ చేసే చప్పుడు చిన్నదే అయినా, పూర్తిగా ఊడితే చక్రం అదుపు తప్పుతుంది. కారును జాకీతో ఎత్తి, స్టాండు మీద నిలిపాక, చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపితే టై రాడ్ వదులు, 12, 6 దగ్గర ఊపితే బాల్ జాయింట్ లేదా చక్రం బేరింగ్ వదులు బయటపడతాయి. ఒక్క జాకీ మీద ఆధారపడి కారు కిందికి దూరకూడదు. వదులు కనిపిస్తే కారును అంతకుమించి నడపకుండా బాగు చేయించాలి. టై రాడ్ మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

హైవే మీద కొంచెం ఎడమకు వంగితే హోరు పెరిగి, కుడికి వంగితే తగ్గితే, ఎడమ మలుపులో బరువు పడే కుడి చక్రం బేరింగ్‌ను అనుమానించాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ నున్నటి నేల మీద టైర్లు కీచుమనడం జబ్బేమీ కాదు. పెద్ద సైజు టైర్లు వేయించాక మలుపు చివర గీసుకుంటే లోపలి ప్లాస్టిక్ మీద రుద్దిన గుర్తు వెతకాలి.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో పంపు, ఆయిల్ వెతకడం వృథా. జపాన్‌లో 1988లో సుజుకి సెర్వోతో మొదలైన ఈ పద్ధతి నేటి కార్లలో సర్వసాధారణం. అక్కడ సన్నని మోటారు మోత మామూలే. టక్కుమంటే స్టీరింగ్ కాలమ్‌లోని గేర్లు, షాఫ్ట్ జాయింట్ చూడాలి. చేత్తో పట్టుకునే స్టీరింగ్ చక్రం లోపలే గరగరమంటే, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట తీగ కావచ్చు. దాన్ని ఇంట్లో విప్పరాదు.

షెడ్డుకు వెళ్లినప్పుడు ఈ పరీక్షల ఫలితాలనే చెప్పాలి. ఇంజను ఆపినా వస్తోందా, ఏ వేగంలో, ఎటు తిప్పితే వస్తోంది అన్నది చెప్పి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే మలుపు తిప్పి వినిపించాలి. మరమ్మతు అయ్యాక డబ్బు చెల్లించేముందు మళ్లీ అదే స్థలంలో, అదే తీరులో నడిపి చూసి, తీసిన పాత భాగాన్ని చూపమని అడగాలి. అరిగిన సీవీ జాయింట్ అయితే గ్రీజు తుడవగానే గాడుల్లోని గుంటలు కంటికే కనిపిస్తాయి.