విద్యార్థుల బస్సు, రైలు రాయితీలు: శ్రీకాకుళం, విజయనగరంలో వినిపించే అపోహలు

కాలేజీలు తెరిచే రోజుల్లో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు పాస్ కౌంటర్ దగ్గర బారులు తీరతారు. పని కాక వెనక్కి పోయేవాళ్లలో చాలామందికి అర్హత ఉంటుంది. కాగితంలో ఏదో ఒక్కటి తప్పి ఉంటుంది, అంతే.

అపోహ: ఆడపిల్లలకు ఏ బస్సయినా ఉచితమే.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి, అంటే ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం, ఐదు రకాల బస్సులకే వర్తిస్తుంది: పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. విశాఖ నాన్‌స్టాప్ చూడ్డానికి ఎక్స్‌ప్రెస్‌లాగే ఉన్నా అందులో డబ్బు పెట్టి టికెట్ కొనాల్సిందే. ఒడిశాలోని పర్లాకిమిడికి పోయే అంతర్రాష్ట్ర సర్వీసులోనూ అంతే. ఎక్కేముందు బోర్డు చదవండి. ఎలాగూ ఉచితమని టికెట్ అడక్కుండా కూర్చోవద్దు. కండక్టరు ఇచ్చే సున్నా టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. తనిఖీవాళ్లు అడిగేదీ ఆ టికెట్టే.

మన జిల్లాల్లో అసలు చిక్కు ఆధార్‌తో వస్తుంది. హైదరాబాద్ పనులకు వలసపోయినప్పుడు అక్కడే కార్డు తీయించుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్ల కార్డులో తెలంగాణ చిరునామా ఉంటే ఇక్కడ ఉచితం దక్కదు. ఓటరు కార్డు కూడా చెల్లుతుంది గానీ పదహారేళ్ల పిల్లకు అదెక్కడిది? ముందు తల్లిదో తండ్రిదో చిరునామా ఆంధ్రప్రదేశ్‌కు మార్చండి. తర్వాత మైఆధార్ వెబ్‌సైట్‌లో ‘కుటుంబ పెద్ద’ (హెడ్ ఆఫ్ ఫ్యామిలీ) పద్ధతిలో పిల్ల చిరునామా మార్పు పెట్టండి. బంధుత్వానికి రుజువుగా రేషన్ కార్డు పనికొస్తుంది. పెద్దవాళ్లు 30 రోజుల్లోగా తమ లాగిన్‌లో ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ చూడకపోతే గడువు దాటిపోతుంది, కాబట్టి వాళ్ల ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే ఉందో లేదో మొదటే చూసుకోవాలి.

అపోహ: మగపిల్లలకు ఉచితం ఏదీ లేదు.

బస్సులో 12 ఏళ్ల లోపు బాలురకు ఉచిత పాస్ ఉంది. ఆ తర్వాత రాయితీ పాసే. కానీ రైలు సంగతి చాలామందికి తెలియదు. ఇంటి నుంచి చదువుకునే చోటికి వెళ్లిరావడానికి ఇంటర్ వరకు అబ్బాయిలకు, డిగ్రీ వరకు అమ్మాయిలకు రైల్వే రెండో తరగతి నెలవారీ సీజన్ టికెట్ ఉచితంగా ఇస్తుంది. కాలేజీలో ప్రిన్సిపాల్ సంతకం, ముద్రతో రాయితీ పత్రం తీసుకుని స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. డిగ్రీ అబ్బాయిలకు సీజన్ టికెట్ సగం ధరకే వస్తుంది. రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు. అదనపు రుసుము కట్టకుండా సూపర్‌ఫాస్ట్ ఎక్కితే జరిమానా పడుతుంది.

పొందూరు, చీపురుపల్లి, బొబ్బిలి నుంచి విజయనగరం వచ్చేవాళ్లకు ఇది బంగారం లాంటి సదుపాయం. శ్రీకాకుళం పట్టణంలో చదివేవాళ్లకు మాత్రం అంత కలిసిరాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అక్కడి నుంచి మళ్లీ బస్సు ఎక్కాలి.

అపోహ: పాస్ చేతిలో ఉంటే ఎటైనా తిరగొచ్చు.

పాస్ మీద రాసిన రెండు స్టేజీల మధ్యే, రాసిన రకం బస్సులోనే చెల్లుతుంది. పల్లెవెలుగు పాస్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టికెట్ కొట్టాల్సిందే. దరఖాస్తులో సొంత ఊరి పేరు రాసి చాలామంది ఇబ్బంది పడతారు. కావాల్సింది మీ ఊరికి దగ్గరి స్టేజీ పేరు. అది తెలియకపోతే రోజూ ఎక్కే బస్సు టికెట్ మీద చూడండి, అక్కడ ఎలా ఉంటే అలాగే రాయండి. నరసన్నపేట వైపు నుంచి ఎచ్చెర్ల పోయేవాళ్లు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో మారతారు కదా, ఆ మారే చోటు కూడా పాస్‌లో ఉండాలి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి.

అపోహ: బస్సు టైము మన చేతిలో లేదు.

‘బస్సు వేయండి’ అని ఒక్క ముక్క రాస్తే ఆ అర్జీ డిపోలో కదలదు. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతారు, కాలేజీ ఎన్నింటికి వదులుతారు, ఇప్పుడున్న బస్సు ఎన్నింటికి వెళ్లిపోతోంది, ఇవి పట్టికగా రాసి, పాస్ నంబర్లు జతచేసి, ప్రిన్సిపాల్ సంతకంతో డిపో మేనేజర్‌కు ఇవ్వండి. కొత్త బస్సు కంటే ఉన్న బస్సును ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడపమని అడిగితే పని తొందరగా అవుతుంది.