పెట్రోలియం ఇంజనీరింగ్‌కి ఏ యూనివర్సిటీ? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ర్యాంకు ఎంత పైనుంటే చదువు అంత బాగుంటుంది.

వాస్తవం: ర్యాంకుల్లో పరిశోధనా పత్రాలకే పెద్దపీట. మొదటి డిగ్రీ చదివేవాళ్లకి వాటితో ఒరిగేది తక్కువ. నేను రిజర్వాయర్ ఇంజనీర్‌ని, అంటే భూమి కింద చమురు ఉండే రాతిపొరల లెక్కలు చూసేవాణ్ని. కొత్తగా చేరినవాళ్లని ముందుగా అడిగేది, కోర్ మీద ఎప్పుడైనా స్వయంగా పనిచేశారా అని. బావిలోంచి తీసిన ఆ రాతి ముక్కని కడిగి, ఆరబెట్టి, హోల్డర్‌లో బిగించి, ద్రవాన్ని పంపి, రెండు చివర్ల మధ్య పీడనం తేడా చూసి పర్మియబిలిటీ, అంటే రాయి తనలోంచి ద్రవాన్ని ఎంత తేలిగ్గా పోనిస్తుందో, లెక్కగట్టాలి. దానికి వాడే డార్సీ సూత్రం 1856 నాటిది, పది నిమిషాల్లో ఒంటబట్టేస్తుంది. ప్రయోగం అంత తేలిక కాదు. ప్రవాహం కుదుటపడకముందే రీడింగ్ రాసుకుంటే లెక్క తప్పుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు సరిగా పట్టకపోతే ద్రవం పక్కనుంచి జారిపోయి, రాయి ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. ఇది చేస్తేనే తెలుస్తుంది. అందుకే అడగండి: పరికరం విద్యార్థి నడుపుతాడా, లేక చుట్టూ నిలబడి చూసి రికార్డు రాసుకోవడమేనా?

అపోహ: చమురు క్షేత్రాల పక్కనే చదవాలి.

వాస్తవం: ఇంటర్న్‌షిప్‌ల వరకు కొంత నిజమే. కానీ లండన్ నడిబొడ్డున ఉన్న ఇంపీరియల్ కాలేజీకి రాతి రంధ్రాల్లో ద్రవాల కదలిక మీద పరిశోధనలో గట్టి పేరుంది. డేటా అంటారా, నార్వే కంపెనీ ఈక్వినార్ 2018లో వోల్వే చమురు క్షేత్రం డేటాని బయటపెట్టింది. దాన్ని ప్రాజెక్టుల్లో వాడిస్తున్నారో లేదో కనుక్కోండి.

అపోహ: పెట్రెల్, ఎక్లిప్స్ లాంటి రిజర్వాయర్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని బ్రోషర్‌లో ఉంటే చాలు.

వాస్తవం: లైసెన్సులు ఎన్ని, తరగతిలో ఎంతమంది? అంతే.

అపోహ: నిరుడు ప్లేస్‌మెంట్లు బాగున్నాయి, మనకీ ఢోకా లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది ఇదే. 2014 మధ్యలో పీపా 100 డాలర్లు దాటిన ధర 2016 మొదట్లో 30 కిందికి పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర ఏకంగా సున్నా కంటే దిగువకి పోయింది. చేరినప్పటి మార్కెట్ పట్టా చేతికొచ్చేదాకా అలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేరు. కాబట్టి సిలబస్‌లో జియోథర్మల్ (భూమి లోపలి వేడి నుంచి తీసే శక్తి), కార్బన్ నిల్వ కూడా ఉన్నాయేమో చూడండి. నార్వేలోని స్లైప్‌నర్‌లో 1996 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని సముద్రగర్భం కింది ఇసుకరాతి పొరల్లోకి పంపుతున్నారు. అక్కడా పనికొచ్చేది మన రిజర్వాయర్ పాఠాలే. ప్లేస్‌మెంట్ ఆఫీసుని మంచి ఏడాది లెక్కలు అడక్కండి, 2016లో బయటికొచ్చిన బ్యాచ్ ఇప్పుడేం చేస్తోందో అడగండి.