మధ్య చెవి ఇన్‌ఫెక్షన్ల కోడింగ్: అపోహలు, వాస్తవాలు

డాక్టర్ నోట్ చదివి జబ్బుకీ, చికిత్సకీ కోడ్ వెయ్యడం కోడర్ల పని. ఓటైటిస్ మీడియా (మధ్య చెవి ఇన్‌ఫెక్షన్) చార్ట్ రాగానే కొత్త కోడర్ల మొహం వెలిగిపోతుంది. చిన్న నోట్, ఒకటే డయాగ్నసిస్, నిమిషంలో అయిపోతుంది అనుకుంటారు. ఆడిట్‌లో నాకు తప్పులు ఎక్కువగా దొరికేది ఆ నిమిషం చార్టుల్లోనే. ఇక్కడ చెప్పేదంతా అమెరికా అవుట్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే) చార్టుల గురించి, అంటే జబ్బులకు వేసే ఐసీడీ-10-సీఎం కోడ్‌ల గురించి, చివర్లో చికిత్సలకు వేసే సీపీటీ కోడ్‌ల గురించి.

అపోహ: డాక్టర్ 'అక్యూట్ ఓటైటిస్ మీడియా' అని రాస్తే హెచ్66.00 కింద కోడ్ వెయ్యాలి.

ఈ తప్పు నేనూ చేశాను. చేరిన కొత్తలో ఒక పిల్లవాడి చార్ట్‌లో 'అక్యూట్ ఓటైటిస్ మీడియా, కుడి చెవి' అని ఉంది, కింద అమాక్సిసిలిన్ రాసి ఉంది. యాంటీబయాటిక్ ఇచ్చారంటే చీము ఉన్నట్టే కదా అనుకుని హెచ్66.001 వేశాను. ఆడిట్‌లో ఎరర్ పడింది, ఆ రోజంతా టెన్షన్.

హెచ్66.00 అంటే అక్యూట్ 'సప్యురేటివ్' (చీము పట్టిన) ఓటైటిస్ మీడియా, కర్ణభేరి పగలకుండా. సప్యురేటివ్ అనో, ప్యూరులెంట్ అనో డాక్టర్ రాయాలి. ఉత్త 'అక్యూట్' అని మాత్రమే ఉంటే కోడ్ పుస్తకం ఇండెక్స్ మనల్ని హెచ్66.9కి పంపిస్తుంది. ఆ కోడ్ కింద 'అక్యూట్ ఓటైటిస్ మీడియా ఎన్ఓఎస్' (అంటే ఇంతకుమించి వివరం లేనిది) అని స్పష్టంగానే ఉంది. నా చార్ట్‌కి సరైన కోడ్ హెచ్66.91. మందు చూసి జబ్బు పేరు పెట్టడం మన పని కాదు. పరీక్షలో 'కర్ణభేరి ఎర్రగా, ఉబ్బి ఉంది' అని ఉన్నా అంతే. అది చూసి పేరు పెట్టాల్సింది డాక్టరే.

'ఓటైటిస్ మీడియా విత్ ఎఫ్యూజన్' అని ఉంటే అసలు హెచ్66 వైపే వెళ్లకూడదు. అది చీము లేని ద్రవం, హెచ్65 కుటుంబం. సీరస్ (పలచటి ద్రవం) అనో మ్యూకాయిడ్ (జిగట ద్రవం) అనో రాయకపోతే హెచ్65.9.

అపోహ: అన్‌స్పెసిఫైడ్ (వివరం తేలని) కోడ్ వేస్తే తప్పే.

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. హెచ్66.91లో అన్‌స్పెసిఫైడ్ అయింది రకం మాత్రమే, చెవి ఏదో తెలుసు. డాక్టర్ అంతకుమించి రాయనప్పుడు ఆ కోడ్ నూటికి నూరుపాళ్లు సరైనదే. హెచ్66.90లో ఏ చెవో కూడా తెలియదు. చెవిలోకి ఓటోస్కోప్ పెట్టి చూసిన మనిషికి అది కుడో ఎడమో తెలియకుండా ఉంటుందా? అందుకే ఈ కోడ్ కనిపిస్తే నేను చార్ట్ మళ్లీ తెరుస్తాను.

చాలాసార్లు జవాబు నోట్‌లోనే దొరుకుతుంది. అసెస్‌మెంట్‌లో లేకపోతే పరీక్ష భాగం చూడండి. ప్రొవైడర్ (చూసిన డాక్టర్) ఏ వైపో రాయకపోయినా, నర్స్ లాంటి ఇతర క్లినీషియన్ల రాతల నుంచి లాటరాలిటీ (కుడో ఎడమో) తీసుకోవడానికి కోడింగ్ గైడ్‌లైన్స్ ఒప్పుకుంటాయి. రాతలు ఒకదానికొకటి కుదరకపోతే మాత్రం క్వెరీ (డాక్టర్‌ని వివరణ అడిగే ప్రశ్న) పెట్టాల్సిందే. టెంప్లేట్ నోట్‌లతో ఈ బాధ ఎక్కువ: తల్లి ఎడమ చెవి నొప్పి అని చెప్పినట్టు పైన ఉంటుంది, పరీక్షలో 'రెండు కర్ణభేరులూ నార్మల్' అని పాత నోట్ నుంచి దిగిన వాక్యం ఉంటుంది, చివర్లో కుడి చెవి ఇన్‌ఫెక్షన్! ఇక్కడ మెజారిటీ ఓటు వేసి కోడ్ తేల్చకండి. క్వెరీలో కూడా 'కుడి చెవే కదా?' అని జవాబు నోటికి అందించకూడదు. చార్ట్‌లో ఏముందో చూపించి, ఏ చెవో స్పష్టం చేయమని అడగాలి.

అంతకుముందున్న ఐసీడీ-9 కోడ్‌ల రోజుల్లో 382.9 వేసి ముందుకెళ్లిపోయేవాళ్లం, అందులో కుడి ఎడమల గొడవే లేదు. 2015 అక్టోబర్ 1న ఐసీడీ-10-సీఎం అమల్లోకి రావడంతో ఆ సుఖం పోయింది.

అపోహ: కర్ణభేరికి రంధ్రం ఉందంటే హెచ్72 కూడా కలపాలి.

హెచ్66లో కొన్ని కోడ్‌ల కింద 'కర్ణభేరి రంధ్రానికి హెచ్72 అదనంగా వాడండి' అని సూచన ఉంటుంది. అంతవరకే చదివి ఆగిపోతారు. హెచ్72 దగ్గరికెళ్లి చూస్తే, అక్యూట్ సప్యురేటివ్‌లో పగిలిన కర్ణభేరి, అంటే హెచ్66.01, అక్కడ ఎక్స్‌క్లూడ్స్1లో (కలిపి వెయ్యకూడని కోడ్‌ల జాబితాలో) ఉంది. పగలడం ఆ కోడ్‌లోనే ఇమిడి ఉంది కాబట్టి రెండూ కలిపి వెయ్యకూడదు. దీర్ఘకాలిక సప్యురేటివ్ రకాలకు, అంటే హెచ్66.1 లాంటి వాటికి, రంధ్రం ఉందని రాసి ఉంటే హెచ్72 కలుపుతాం. ఓటైటిస్ కోడ్ ముందు, హెచ్72 తర్వాత.

ద్రవం బయటికి పోవడానికి కర్ణభేరిలో వేసిన ట్యూబులున్న పిల్లల చెవి కారుతోందంటే రప్చర్ అని కంగారుపడకండి. ట్యూబ్ గుండా కారడం, కర్ణభేరి తనంతట తాను పగలడం ఒకటి కాదు. ట్యూబ్ ఉందని చెప్పడానికి జడ్96.22 ఉంది.

అపోహ: 'ప్రాబబుల్ (బహుశా) ఓటైటిస్ మీడియా' అన్నా కోడ్ చేయొచ్చు.

అవుట్‌పేషెంట్‌లో చేయకూడదు. ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ అవుట్ లాంటి మాటలుంటే లక్షణాన్నే కోడ్ చేస్తాం. కుడి చెవి నొప్పి అయితే హెచ్92.01. డయాగ్నసిస్ ఖాయమయ్యాక మాత్రం ఆ నొప్పిని విడిగా వెయ్యం, అది జబ్బులో భాగమే.

అపోహ: ఆరు నెలల్లో మూడుసార్లు వచ్చింది కాబట్టి రికరెంట్ (మళ్లీ మళ్లీ వచ్చే) కోడ్ వెయ్యొచ్చు.

ఆరు నెలల్లో మూడు, లేదా ఏడాదిలో నాలుగు (అందులో ఒకటి గత ఆరు నెలల్లో) అనేది డాక్టర్ల లెక్క. పాత విజిట్లు లెక్కపెట్టి మనం 'రికరెంట్' తగిలించకూడదు, ఆ మాట డాక్టర్ రాయాలి. రాసినా, హెచ్66.9లో రికరెంట్‌కి వేరే కోడ్ లేదు. అక్యూట్ సీరస్‌కి, అక్యూట్ సప్యురేటివ్‌కి ఉంది. 'రికరెంట్' అని కష్టపడి రాసిన డాక్టర్ 'సప్యురేటివ్' రాయడం మర్చిపోతే, ఆ రికరెంట్ మాట కోడ్‌లోకి ఎక్కదు.

అపోహ: గులిమి తీశారంటే సీపీటీ కోడ్ 69210.

గులిమి గట్టిగా అడ్డుపడిందని, దాన్ని పరికరంతో తీశారని రెండూ రాసి ఉండాలి. నీళ్లతో కడిగితే 69209. కర్ణభేరి కనిపించడానికి కాస్త తుడిచారంతే అయితే ఏదీ లేదు.

అపోహ: ట్యూబ్ వేస్తే కోడ్ ఒకటే.

మత్తు మీద ఆధారపడి ఉంటుంది. లోకల్ లేదా టాపికల్ అయితే 69433, జనరల్ అయితే 69436. రెండు చెవులకూ వేస్తే ఆ కోడ్‌కి మాడిఫైయర్ 50 (రెండు వైపులా చేశారని చెప్పే అదనపు గుర్తు) తగిలిస్తాం.