తల్లికోడి వెంట నడిచే పిల్లకు దొరికేది

నర్సంపేట వైపు పల్లెల్లో తల్లికోడి పెంటకుప్పను గీరుతుంటే పిల్లలు దాని కాళ్ల మధ్యే తిరుగుతూ రెట్ట అంటిన గింజలు ఏరుకుంటాయి. మనకు రోత పుట్టించే ఆ మేతతోనే తల్లి పేగులోని బాక్టీరియా పిల్లకు చేరుతుంది. వరంగల్ చుట్టుపక్కల బ్రాయిలర్ షెడ్లలో అట్టపెట్టెల్లో దిగే పిల్లలు మాత్రం తల్లి ముఖమే ఎరగవు. యంత్రంలో పొదిగి, ఊక మీద పరిచిన పాత పేపర్ల మీద తొలి అడుగు వేస్తాయి. బెల్లం నీళ్లతో పాటు చాలాచోట్ల యాంటీబయాటిక్ పొడి కూడా ఆ రోజే వాటి గొంతులోకి దిగుతుంది.

ఆ పొడి ఏం చేయగలదో 1954లోనే తేలింది. అమెరికాలో మార్జొరీ బోన్‌హాఫ్ బృందం ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ తాగించి, తర్వాత పేగు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమిని ఇచ్చింది. మామూలు ఎలుకలకు సోకాలంటే లక్ష క్రిములు కావాలి, మందు తాగినవాటికి పది కూడా అక్కరలేకపోయింది. మందు ముందుగా చంపింది పేగులో కాపలా ఉన్న మేలు బాక్టీరియానే.

1971లో ఫిన్లాండ్ బ్రాయిలర్లలో సాల్మొనెల్లా చెలరేగింది. నుర్మీ, రంటాలా అనే పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు తాగించారు. సాల్మొనెల్లా చాలావాటి పేగుల్లో నిలవలేకపోయింది. 1973లో ఆ ఫలితం 'నేచర్' పత్రికలో వచ్చింది. పిల్ల పేగు అప్పటికి ఖాళీ చోటు. మేలు చేసేవి ముందుగా చేరితే ఉన్న తిండిని అవే తినేస్తాయి, గోడలకు అవే అంటుకుంటాయి, క్రిములకు సరిపడని ఆమ్లాలు వదులుతాయి.

పసిప్రాణులకు జబ్బులు త్వరగా సోకేది రోగనిరోధక శక్తి ముదరకపోవడం వల్లేనని చాలాకాలం అనుకున్నారు. 2017లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో గాబ్రియేల్ నూనెజ్ బృందం ఎలుక పిల్లల పేగులో క్లాస్ట్రిడియా జాతి బాక్టీరియా లేకపోవడమే పెద్ద లోటని చూపింది. వాటిని అందిస్తే పిల్లలు తట్టుకున్నాయి. ధనుర్వాతం తెచ్చే క్రిమికి దగ్గరి చుట్టాలివి! ఆ పేరు వినగానే భయపడతాం గానీ వీటిలో చాలావరకు పేగుకు రక్షకులే.

అలాగని ఊరి రెట్ట తెచ్చి నీళ్లలో కలపకూడదు, అందులో రోగాలూ ఉంటాయి. ఫిన్లాండ్ రైతులకు చేరినవి పరీక్షించిన కోళ్ల నుంచి పెంచిన బాక్టీరియా మిశ్రమాలు. జబ్బుపడిన పిల్లకు పశువైద్యులు చెప్పిన మందు వేయవలసిందే. ఏ జబ్బూ లేని పిల్లకు పుట్టిన రోజే ఎందుకు? మనుషులకు చివరి ఆసరాగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇలాగే కోళ్ల దాణాలోకి చేరింది. కోళ్లకు, పశువులకు దాని వాడకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది.