పాషాణం మందైన వైనం

శంఖపాషాణం (ఆర్సెనిక్ ట్రయాక్సైడ్) పేరు చెబితే మనకు గుర్తొచ్చేది విషం. 60 కిలోల మనిషికి రోజుకు 9 మిల్లీగ్రాముల లెక్కన అదే పదార్థాన్ని సెలైన్‌లో కలిపి, ఈసీజీ చూసుకుంటూ నరంలోకి ఎక్కిస్తే, ఏపీఎల్ అనే ప్రమాదకరమైన రక్తక్యాన్సర్ లొంగిపోతుంది. ఈ చికిత్సకు పుట్టిల్లు చైనా ఈశాన్యంలోని హార్బిన్.

అక్కడి పల్లెల్లో ఒక నాటువైద్యుడి దగ్గర గడ్డలకూ క్యాన్సర్‌కూ వాడే మందు ఉండేది. అందులో పాషాణం, పాదరస లవణం, కప్ప విషం కలిసి ఉండేవి. హార్బిన్ వైద్య విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో ఫార్మసిస్టు హాన్ తైయున్ 1971లో దాన్ని ఇంజెక్షన్‌గా తయారుచేశారు. మరుసటి ఏడాది ఝాంగ్ టింగ్‌డాంగ్ ఆయనతో కలిశారు. ఝాంగ్ చదివింది ఆధునిక వైద్యం. ప్రభుత్వం అలాంటి డాక్టర్లకు సంప్రదాయ వైద్యం కూడా నేర్పించిన కాలంలో ఆయన దాన్నీ నేర్చుకున్నారు.

అసలు ఘనత ఆ తర్వాత జరిగిన పనిది. పాదరసంతో మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. కప్ప విషంతో రక్తపోటు పెరుగుతోంది. ఒక్కొక్కటీ తీసేసి చూస్తే, గుణం పాషాణానిదేనని తేలింది. 1973లో 6 మంది రోగుల వివరాలు ప్రచురించారు. 1979 నాటికి 55 మందిని పరిశీలించి, ఏపీఎల్ రోగుల్లోనే ఫలితం బాగుందని గుర్తించారు. మందుకు తగిన జబ్బును ఇంత ఓపిగ్గా వెతికి పట్టుకోవడం నాకు మందు దొరకడం కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. పాషాణ భస్మాలను తూకం, పరీక్ష లేకుండా క్యాన్సర్ రోగులకు అమ్మేవారికీ ఝాంగ్‌కూ ఉన్న తేడా అదే.

అవన్నీ చైనా భాషా పత్రికల్లో అచ్చయ్యాయి. బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. ఈలోగా షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ, విటమిన్ ఏ నుంచి వచ్చే ఒక ఆమ్లంతో 1985లో ఐదేళ్ల పాపను ఇదే జబ్బు నుంచి కాపాడారు. ఆయన శిష్యుడు చెన్ ఝూ బృందం హార్బిన్ వైద్యులతో కలిసి 1996, 1997లో అంతర్జాతీయ పత్రికల్లో రాసింది. జబ్బు తిరగబెట్టిన 15 మందిలో 14 మందికి పాషాణంతో పూర్తి ఉపశమనం వచ్చింది. 2000లో అమెరికా అనుమతి ఇచ్చింది. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టిన ఒక తప్పుడు ప్రోటీన్ ఈ జబ్బుకు మూలం. దానికి ఒక కొసన పాషాణం, రెండో కొసన ఆ ఆమ్లం అంటుకుని, దాన్ని నాశనం చేయిస్తాయి.

ఇంత జరిగినా ఝాంగ్ పేరు మరుగునే ఉండిపోయింది. పెకింగ్ విశ్వవిద్యాలయ నాడీశాస్త్రవేత్త రావ్ యీ తన సహచరులతో కలిసి పాత పత్రికలు తిరగేసి, 2013లో ఆ చరిత్రను వెలుగులోకి తెచ్చారు. ఎనభై ఏళ్లు దాటాక, 2020లో, ఝాంగ్‌కు వాంగ్‌తో కలిపి చైనాలో ఫ్యూచర్ సైన్స్ ప్రైజ్ దక్కింది.

మనకు దగ్గరగా, చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో కూడా ఈ మందుకు ఒక చరిత్ర ఉంది. ఖరీదైన చికిత్స భరించలేని రోగులను దృష్టిలో పెట్టుకుని 1998 నుంచే అక్కడి వైద్యులు పాషాణం ఒక్కటే ఇచ్చి చూశారు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 72 మందిలో 86 శాతం మందికి జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చింది.