టెన్త్ పిల్లల కెరీర్ గైడెన్స్: అపోహలు - వాస్తవాలు

విశాఖ చుట్టుపక్కల హైస్కూళ్ళలో టెన్త్ పిల్లలకి కెరీర్ గైడెన్స్ ఎలా జరుగుతోందో చూసి రావడం నా పని. గాజువాక వెళ్ళినా భీమిలి వెళ్ళినా ఇవే మాటలు వినబడుతున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: క్లాస్ పెట్టాం, ఫోటోలు తీశాం, రిజిస్టర్‌లో సంతకాలున్నాయి, ఇంకేం కావాలి?

వాస్తవం: అవన్నీ క్లాస్ జరిగిందని చెప్తాయి అంతే, పిల్లలకి ఏం అర్థమైందో చెప్పవు. నేను రిజిస్టర్ పక్కన పెట్టేసి, వెనక బెంచీల్లోంచి ఓ నలుగురిని పిలిచి కూర్చోబెట్టుకుని అడుగుతా, టెన్త్ తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావ్, ఎందుకు, అది కుదరకపోతే ఏం చేస్తావ్ అని. ఒక స్కూల్లో రికార్డంతా అద్దంలా ఉంది, రెండు గంటల సెషన్ అని రాశారు, తీరా ఒకమ్మాయిని అడిగితే "ఏటో చాలా చెప్పారు మేడం, ఎంపీసీ మంచిదన్నారు" అంది. తనకి నర్సింగ్ అంటే ఇష్టమట, దానికి ఏ గ్రూప్ తీసుకోవాలో ఎవర్ని అడగాలో తెలీదు. వాళ్ళ నాన్న ఫిషింగ్ హార్బర్‌లో పని చేస్తారు, ఇంట్లో ఇంటర్ చదివినవాళ్ళే లేరు. ఆ పిల్లకి ఆ రెండు గంటలే దిక్కు, అవి కూడా వృథాగా పోయాయి.

అపోహ: ముందు పరీక్షలు అవనివ్వండి, రిజల్ట్స్ వచ్చాక చెప్పొచ్చు.

వాస్తవం: 2025లో మన రాష్ట్రంలో టెన్త్ ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఏప్రిల్ 30న జరిగింది, అంటే మార్కులు చూసుకుని పాలిటెక్నిక్‌కి వెళ్దాం అనుకునేసరికి అప్లికేషన్ గడువు దాటిపోయింది. అందుకే నేను గైడెన్స్ జరిగిందా అని కాదు, ఏ నెలలో జరిగింది అని అడుగుతా. సంక్రాంతి సెలవుల లోపు అయిపోవాలని నా అభిప్రాయం.

పాలిటెక్నిక్, ఐటీఐ అంటే చదువు రానివాళ్ళకే అన్న మాట ఇంకా పోలేదు, కొన్నిసార్లు టీచర్ల నోటే వింటున్నా. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. కంచరపాలెంలో పాలిటెక్నిక్, ఐటీఐ రెండూ ఉన్నాయి, పిల్లల్ని ఒక్కపూట తీసుకెళ్ళి వర్క్‌షాప్ చూపిస్తే ఎంత బాగుంటుందో!

అపోహ: మా పిల్లలంతా ఇంటర్‌లో చేరిపోయారు కాబట్టి మా గైడెన్స్ బాగున్నట్టే.

వాస్తవం: చేరినవాళ్ళలో ఎంతమంది నిలబడ్డారన్నది చూడాలి కదండీ. ఇంగ్లాండ్‌లో 2014లో స్కూళ్ళలో కెరీర్ గైడెన్స్ ఎలా ఉండాలో చెప్పడానికి గాట్స్‌బీ బెంచ్‌మార్క్స్ అని ఎనిమిది ప్రమాణాలు పెట్టారు, వాటిలో పిల్లలు స్కూల్ వదిలాక మూడేళ్ళ పాటు ఎక్కడున్నారో వివరాలు ఉంచుకోవాలన్నది కూడా ఉంది. వాళ్ళ ఏర్పాట్లు వేరు, మనకి అన్నీ కుదరవు, కానీ ఈ ఒక్కటి ఒక నోట్‌బుక్, ఒక ఫోన్ ఉంటే అయిపోతుంది. నేను వెళ్ళే ఒక స్కూల్లో హెచ్ఎం గారు ఏటా పాత పిల్లలకి ఫోన్ చేయిస్తున్నారు, ఎంపీసీ తీసుకుని ఫస్టియర్ మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో అలాగే తెలిసింది, మరుసటేడు టెన్త్ క్లాసులో మొదట ఆ సంగతే మాట్లాడారు.

మేం వస్తే తప్పులు పట్టడానికే అని టీచర్లు కంగారు పడతారు, నిజంగా అలా కాదండీ. ఈసారి టీసీలు ఇచ్చే రోజే ప్రతి పిల్లాడిదీ, ఇంట్లోవాళ్ళదీ నంబర్ రెండూ రాసి ఉంచండి, నేను వచ్చినప్పుడు కూర్చుని కలిసి ఫోన్లు చేద్దాం.