జీనోమిక్ ఎంపిక: అపోహలు – వాస్తవాలు

పశువుల, పంటల ప్రజననంలో పనిచేసేవారికి ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు, పుట్టినవాటిలో ఏది మేలైనదో త్వరగా తెలుసుకోవడం. ఆబోతు పాలివ్వదు కనుక, దాని విలువ తేలాలంటే దాని కూతుళ్లు పెరిగి, ఈని, పాలిచ్చే వరకు ఐదారేళ్లు ఆగవలసి వచ్చేది. జీనోమ్ (జీవి డీఎన్‌ఏ మొత్తం) అంతటా దట్టంగా ఉన్న మార్కర్లన్నిటినీ, అంటే జీవికీ జీవికీ తేడా కనిపించే డీఎన్‌ఏ గుర్తులన్నిటినీ, ఒకేసారి లెక్కలోకి తీసుకుంటే పుట్టిన వెంటనే ప్రజనన విలువను, అంటే సంతానానికి అందించగల మేలును, అంచనా కట్టవచ్చని శాస్త్రవేత్తలు మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ 2001లో చూపించారు. ఇదే జీనోమిక్ ఎంపిక. అప్పటికి అన్ని మార్కర్లను చౌకగా చదివే సాధనం లేదు. తరువాత సుమారు 54,000 మార్కర్లను ఒకేసారి చదివే పశువుల డీఎన్‌ఏ చిప్ వచ్చింది; 2009 జనవరిలో అమెరికాలో హోల్‌స్టీన్, జెర్సీ పాడి జాతులకు అధికారిక జీనోమిక్ మదింపులు మొదలయ్యాయి. నేడు మొక్కజొన్న, గోధుమ, కోళ్లు, పందులు, సాల్మన్ చేపల వరకు ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఈ పనిలో ఉన్నవాడిగా దీని గురించి నేను తరచూ వినే అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఇది జన్యుమార్పిడికి మరో పేరు.

వాస్తవం: కాదు. బయటి జన్యువును చొప్పించడం గాని, ఉన్నదాన్ని మార్చడం గాని ఇందులో ఉండదు. సంకరం, దాటింపు ఎప్పటిలాగే జరుగుతాయి. ఏ తల్లిని, ఏ తండ్రిని వాడాలన్న నిర్ణయానికి మాత్రమే డీఎన్‌ఏ సమాచారం తోడవుతుంది.

అపోహ: దిగుబడిని పెంచే జన్యువును కనిపెట్టి, అది ఉన్నవాటిని ఎంచుకుంటారు.

వాస్తవం: అలా చేసేది మార్కర్ సహాయక ఎంపిక. వరి పైరుకు ముంపును తట్టుకునే శక్తినిచ్చే సబ్‌1ఎ వంటి జన్యువుల విషయంలో అది చక్కగా పనిచేస్తుంది. దిగుబడి, ఎదుగుదల, చూడి నిలిచే సామర్థ్యం వంటి లక్షణాలు మాత్రం వందల, వేల స్థానాల్లోని చిన్న చిన్న ప్రభావాలు కూడి ఏర్పడతాయి. వాటిలో పెద్దవాటినే ఏరుకుంటే మిగిలినవన్నీ చేజారిపోతాయి. జీనోమిక్ ఎంపికలో ఆ ఏరివేత లేకుండా, అన్ని మార్కర్ల ప్రభావాలనూ అంచనా కట్టి కూడుతారు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన రెండు దూడలకు వంశావళి ఒకే అంచనా ఇస్తుంది. వాటిలో దేనికి తల్లిదండ్రుల నుంచి మేలైన సగం దక్కిందో మార్కర్లు చెబుతాయి. నా దృష్టిలో ఈ పద్ధతి మనకిచ్చిన అతి విలువైన సమాచారం ఇదే.

అపోహ: డీఎన్‌ఏ చదివితే చాలు, ఇక పొలంలో కొలతలతో, పాల రికార్డులతో పనిలేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. ఏ మార్కర్ ప్రభావం ఎంతో డీఎన్‌ఏలో రాసి ఉండదు. జన్యురూపమూ (మార్కర్ల వివరం), కొలిచిన లక్షణమూ రెండూ తెలిసిన ఒక రిఫరెన్స్ సమూహం నుంచే ఆ ప్రభావాలను లెక్కగడతాము. ప్లాట్ల మధ్య నేల సారంలో ఉన్న తేడాను పట్టించుకోకపోయినా, ఒక పశువు పాలను మరో పశువు పేరిట నమోదు చేసినా, ఆ తప్పు మార్కర్ల ప్రభావాల్లోకి చేరి, మనం ఎన్నడూ కొలవని వేల దూడల, మొలకల అంచనాలను వక్రీకరిస్తుంది. కోసిన తరువాతే తెలిసే మాంసం నాణ్యత, ఒక్కొక్క పశువు తిన్న మేతను విడిగా తూచితే గాని తెలియని మేత వినియోగ సామర్థ్యం, రోగకారకానికి గురిచేసి చూస్తేనే బయటపడే చేపల రోగనిరోధక శక్తి — ఇలాంటి లక్షణాల విషయంలో కొద్దిపాటి జీవులపై శ్రద్ధగా చేసిన కొలతలు వాటి బంధువులన్నిటి ఎంపికకూ ఉపయోగపడతాయి. నిధులు తగ్గినప్పుడు చిప్‌ల ఖర్చును ఉంచి క్షేత్ర ప్రయోగాలకు కోత పెట్టడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: మార్కర్ల ప్రభావాలతో ఒకసారి తయారైన అంచనా సమీకరణం అన్ని జాతులకూ, అన్ని తరాలకూ పనికివస్తుంది.

వాస్తవం: చాలా మార్కర్లు లక్షణానికి కారణాలు కావు, అసలు కారణమైన స్థానానికి పక్కన ఉండి, దానితో కలిసి సంక్రమిస్తాయి. తరాలు గడిచేకొద్దీ పునఃసంయోజనం (తల్లి, తండ్రి నుంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్కలు అటూ ఇటూ మారడం) వల్ల ఆ జతలు విడిపోతాయి. హోల్‌స్టీన్ పశువుల నుంచి తీసిన ప్రభావాలు జెర్సీ పశువులను సరిగా అంచనా వేయలేకపోవడానికి కూడా ఈ జతలు జాతికొక తీరుగా ఉండటం ఒక కారణం. నీటి వసతి ఉన్న పొలాల కొలతలతో బెట్ట ప్రాంతపు వంగడాన్ని ఎంచుకోవడమూ ఇంతే ప్రమాదకరం. అందుకే కొత్త తరాల కొలతలను రిఫరెన్స్ సమూహంలో ఎప్పటికప్పుడు చేర్చుతూ ఉండాలి.

అపోహ: సంతతి పరీక్ష (కూతుళ్ల రికార్డులతో ఆబోతును అంచనా కట్టడం) కంటే కచ్చితమైనది కనుకనే ఈ పద్ధతి ప్రగతిని పెంచింది.

వాస్తవం: వందలాది కూతుళ్ల రికార్డులున్న ఆబోతు అంచనాతో పోలిస్తే, లేగదూడకు కట్టే జీనోమిక్ అంచనా తక్కువ కచ్చితమైనదే. అయితే ఏటా సాధించే జన్యు ప్రగతి, ఎంపిక తీవ్రతనూ (ఎంత తక్కువమందిని ఏరుకుంటామన్నది) కచ్చితత్వాన్నీ జన్యు వైవిధ్యాన్నీ గుణించి తరాంతరంతో (సంతానం పుట్టేనాటికి తల్లిదండ్రుల సగటు వయసుతో) భాగిస్తే వస్తుంది. అమెరికా హోల్‌స్టీన్‌లలో ఆబోతులకు తండ్రులయ్యేవాటి తరాంతరం దాదాపు ఏడేళ్ల నుంచి రెండున్నరేళ్లకు తగ్గింది. కచ్చితత్వంలో కొంత వదులుకున్నా, భాజకం అంతగా తగ్గడం వల్లే ప్రగతి వేగం పెరిగింది.

అపోహ: డీఎన్‌ఏ చూసి ఎంచుకుంటే దగ్గర రక్తసంబంధపు చిక్కులు వాటంతటవే తొలగుతాయి.

వాస్తవం: తరాలు వేగంగా మారుతున్నందున, అదుపు లేకపోతే అంతఃప్రజననం ఏడాదికేడాది మరింత త్వరగా పేరుకుంటుంది. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు పాల దిగుబడిని ఎంతగానో పెంచింది. దానితోపాటే ఏపీఏఎఫ్1 జన్యువులో ఒక లోపాన్ని కూడా జాతి నిండా పంచింది. ఆ లోపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చిన పిండం బతకదు. దీనివల్ల ప్రపంచవ్యాప్తంగా ఐదు లక్షలకు పైగా గర్భస్రావాలు జరిగి ఉంటాయని 2016లో అంచనా వేశారు. మార్కర్లు చదివిన వేల పశువుల్లో ఒక జీనోమ్ ముక్క తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చిన పశువు ఒక్కటీ కనిపించకపోవడాన్ని గమనించడంతో 2011లో ఆ జాడ దొరికింది. జంటలను నిర్ణయించేటప్పుడు పుట్టబోయే పిల్లల అంచనా విలువతోపాటు ఆ రెండింటి జీనోమ్ సంబంధాన్నీ లెక్కించి, ఒక్కొక్క తండ్రి వాటాకు పరిమితి విధించడం వల్ల ఈ ఏటి ప్రగతి కొంత తగ్గినా, నేను ఆ పరిమితినే పాటిస్తాను.